గోలకొండ మెట్లదారి



గోలకొండయను పేరు వినని తెలుగువారు లేరు. మన పల్లెలలో మనుమలకు కథ చెప్పు అవ్వలకు అది రామదాసుగారి చెరసాల. బంగారు పనివారికి అది వజ్రముల పేట. పాఠశాలలో చరిత్రము చదివిన బాలురకు అది ఔరంగజేబు పడగొట్టిన కోట. ఈ నడుమ మరియొక మాటయు వినవచ్చుచున్నది. అది మనది కాదట. ఎక్కడివారో వచ్చి కట్టుకొని, ఏలుకొని, పోయినదట. మా కాసిపేటలో రచ్చబండకడ నాతోనే ఒకరిద్దరు పెద్దలు ఈ మాట అనిరి. "ఒకసారి కాలినడకను ఎక్కి చూచి రండు, అటుపిమ్మట మాటాడుకొందము" అని మాత్రము నేను వారితో చెప్పితిని. ఆ నడకనే నేడు మీ యెదుట ఉంచబోవుచున్నాను. పాదుషాల వంశావళిని ఏకరువు పెట్టుట నా యుద్దేశము గాదు. అది పుస్తకములలో కావలసినంత కలదు. కొండ పాదమునుండి శిఖరమువరకు ఏ రాయి ఎవరి చేతులమీదుగా నిలిచినదో, ఆ సంగతి చెప్పుదును.

బయలుదేరుటకు ముందు దూరదేశపు ముచ్చట యొకటి. ఐరోపాఖండమునకు పడమటి కొనయందు స్పెయిన్ అను దేశము కలదు. 711వ సంవత్సరమున ఉత్తరాఫ్రికానుండి సముద్రము దాటి పోయి ఆ దేశమునందు రాజ్యములు స్థాపించిన ముసల్మానులను ఐరోపావారు మూర్లందురు. వారి కడపటి రాజధాని గ్రెనడా. అచ్చట ఒక గుట్టమీద అల్‌హంబ్రా యను రాజకోట. నడుమ సన్నని యేరు. ఏటికి ఆవల మరియొక గుట్టమీద అల్బైసిన్ అను పాతపేట. సున్నము పూసిన తెల్లని గోడలు, ఎదురెదురుగ వచ్చు నిద్దరు ప్రక్కకు ఒదిగినగాని సాగని సందులు, అడుగడుగునను రాతిమెట్లు, కాలువనీటిని నిలువజేయుటకు నేలలో కట్టిన తొట్లు, ఇవి ఆ పేట లక్షణములు. బండ్లకు అందని పేట గనుక యాత్రికులు కాలినడకనే చూచుచుందురు. 1994లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి.

1492 జనవరి 2వ తేదీన గ్రెనడా నగరము క్రైస్తవ ప్రభువుల వశమైనది. ఓడినవారి మతమునకును ఆచారములకును భంగము రానీయమని గెలిచినవారు ఒడంబడిక వ్రాసియిచ్చిరి. ఎనిమిదేండ్లు నిండకమునుపే ఆ వ్రాత నీటిమీది వ్రాత యయ్యెను. బలవంతముగా మతము మార్చిరి. మసీదులను చర్చీలుగా మార్చిరి. 1568లో ఆ ప్రజలు తిరుగబడగా, 1570లో వారిని గ్రెనడానుండి వెడలగొట్టిరి. 1609 మొదలుకొని స్పెయిన్ దేశమునుండియే పంపివేసిరి. గోడలు నిలిచినవి, ఆ గోడలు కట్టినవారి బిడ్డలు నిలువలేదు. ఈ సంగతి కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. కొండ దిగునప్పుడు దీనితో మనకు పని కలదు.

పడమట ఆ రాజ్యము ఆరిపోయిన మూడు నాలుగేండ్లకు, అనగా 1495-96 ప్రాంతమున, బహమనీ సుల్తాను తెలంగాణపు అధికారమును సుల్తాన్ కులీ యను సర్దారునకు ఇచ్చెను. ఈతడు ఇరాను దేశమందలి హమదాను ప్రాంతమువాడు, తురకమాను జాతివాడు. ఈతనికి కొండ క్రొత్తది కాని కొండమీది కోట క్రొత్తది కాదు. కాకతీయుల కాలమున అచ్చట మట్టికోట యుండెను. ఓరుగల్లు పతనానంతరము తెలుగునాయకుల నొక్కటి చేసిన ముసునూరి కాపయనాయకుడు 1364 ప్రాంతమున సంధిలో దానిని బహమనీలకు వదలుకొనెను. కాబట్టి మొదటి మట్టిగోడ పెట్టినవారెవరని అడిగినచో, ఆ జాబు మన ఓరుగంటివైపునకే పోవును. 1518లో బహమనీ ప్రభువు మహమూద్‌షా మరణించిన పిదప సుల్తాన్ కులీ స్వతంత్రుడైనట్లు చరిత్రకారులు సాధారణముగ చెప్పుదురు. నాటినుండి 1687వరకు కుతుబ్‌షాహీల యేలుబడి.

మన ప్రాంతమువారు మంచిర్యాలలోనో బెల్లంపల్లిలోనో రైలెక్కి సికింద్రాబాదులో దిగుదురు గదా. అచ్చటినుండి గోలకొండకు పోవు దారిలో బేగంపేటయందు ఒక మసీదు కలదు. దానికి గుండ్రని మినారులకు బదులు కోసుగా ఎత్తిన శిఖరములుండుటచేత, ఎరుగనివారు చర్చి యని భ్రమపడుదురు. పైగా కుటుంబమునకు చెందిన వికారుల్ ఉమ్రా, స్పెయిన్ దేశమునందు మూర్లు కట్టిన కార్డోవా మసీదును చూచివచ్చి, ఆ పోలికతో దీనిని ఆరంభించెను; 1906లో పని ముగిసినది. స్పెయిన్ మసీదని దాని వాడుకపేరు. మూర్ల శిల్పమును చూడదలచినవారికి మన తెలంగాణమునందు ఇది యొక్కటి చాలును. గోలకొండ శిల్పము మాత్రము వేరు. అది ఇరానునుండి వచ్చి, బీదరులో ఆగి, మన రాతిమీద మన ఒడ్డెరల ఉలితో రూపుదిద్దుకొనినది.

కోట పట్టణములోనికి ఫతే దర్వాజా మీదుగ ప్రవేశింతము. ఫతే యనగా గెలుపు. 1687లో గెలిచిన మొగలు సేనలు ఈ ద్వారమున ప్రవేశించుటచేత ఆ పేరు నిలిచినది. తలుపులకు ఇనుప మేకులు బారులుగా దిగగొట్టియున్నవి. ఏనుగులు నుదుటితో మోది తలుపులు విరుగగొట్టకుండుటకై ఆ యేర్పాటు. తలుపు కెదురుగ అడ్డుగోడ. ఏనుగు పరుగెత్తి వచ్చి బలముగా తాకుటకు చోటు చిక్కదు. ఈ వెలి ప్రాకారమునకు 87 బురుజులు, 8 ద్వారములు.

ద్వారము దాటినవెంటనే శిథిలములు కనబడునని తలచినవారికి ఆశ్చర్యము కలుగును. లోపల ఊరున్నది. ఇండ్లున్నవి, అంగళ్లున్నవి, బడికిపోవు పిల్లలున్నారు, బడా బజారు, ఛోటా బజారు అను పేళ్లు నేటికిని పలుకుచున్నారు. రొట్టె కాల్చు వాసన, కుట్టుమిషను చప్పుడు, ఒక అరుగుమీద పత్రిక చదువుకొను ముసలివారు. కోటయనగా చచ్చిపోయిన రాతికుప్ప యని యనుకొను మనకు ఇది మొదటి పాఠము. మొగలులు గెలిచినను, అసఫ్‌జాహీలు వచ్చినను, ఆ దొరతనమును పోయినను, ఈ లోపలి ఊరు లేచిపోలేదు.

ఊరు దాటినపిమ్మట బాలా హిసారు ద్వారము. ఇక్కడనుండి లోకోట. ఈ ద్వారము నెత్తిన నిలిచి చూడవలసిన దొకటి కలదు. ఎక్కువమంది లోపలికి పోవు తొందరలో తలయెత్తరు. రాతి దూలముమీద రెండు యాళులు, అనగా మన దేవాలయ స్తంభములమీద కనబడు సింహపు మొగము మృగములు, నడుమ చక్రమునకు ఇరుప్రక్కల నిలిచియున్నవి. వానికి పైన గచ్చుపనిలో పురివిప్పిన నెమళ్లు. పారసీకపు కమాను, దానిపై మన యాళి. ఈ పనిని చేసిన చేతులు గుళ్లపనిలో ఆరితేరిన చేతులని వేరే చెప్పనక్కరలేదు. పాదుషా ఆ యాళులను చెక్కివేయుమనలేదు. తన ముఖద్వారముమీదనే ఉండనిచ్చెను.

ఈ ద్వారపు గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో కొండ శిఖరమున వినబడును. మాకు దారిచూపిన కుర్రవాడు, "ఈడ నిలవడి కొట్టుండ్రి సారూ, పైకి ఇనవడ్తది" అని పట్టుబట్టినాడు. కొట్టితిని. పైన నిలిచిన మా తమ్ముని కొడుకు వినబడినట్లు చేయియూపినాడు. యాత్రికులు దీనిని గారడీవలె చూచి నవ్వుకొని పోవుదురు. మా గనిప్రాంతమువారికి మాత్రము ఇది వింతగా తోచదు. గనిలో టబ్బులు లాగు తాడు నడుపువానికి, లోతున నున్నవారు గంటల లెక్కతో సంకేతమిత్తురు: ఇన్ని గంటలకు ఆపుము, ఇన్నింటికి లాగుము అని. కంటికి కనబడని చోటికి మాట చేర్చుట ప్రాణావసరమైనప్పుడు మనుష్యుడు శబ్దమునే నమ్ముకొనును. ద్వారముకడ వచ్చినది మిత్రుడో శత్రువో పైనున్న కావలివారికి క్షణములో తెలియవలెను. గుమ్మటపు వంపును అందుకనుగుణముగ కట్టిరి.

ద్వారమునకు దగ్గరనే జామీ మసీదు. 1518లో సుల్తాన్ కులీ కట్టించినది. 1543లో ఆ ముసలి సుల్తాను నమాజు చేయుచుండగా చంపబడెను. చంపించినవాడు కొడుకు జంషీదు. రాజ్యము ఎవరి యింటనున్నను ఇట్టివి జరుగుచునే యుండును. మన భారతమునందలి కథలకు ఇది తీసిపోదు. ఈ హత్యవలన ఒక మేలు మాత్రము పుట్టినది. తమ్ముడు ఇబ్రహీము ప్రాణభీతితో పారిపోయి విజయనగరమున అళియ రామరాయల అండ చేరి ఏడేండ్లు అచ్చట గడపెను. ఆ సంగతి కొండపైకి పోయినపిదప చెప్పుదును.

మెట్లు మొదలుపెట్టుటకు ముందు మూడంతస్తుల ఆయుధశాలయు, అక్కన్న మాదన్నల కచేరీలని చూపు గదులును కలవు. హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ సోదరులు వారు. తానీషా యని మనము పిలుచు అబుల్ హసన్ పాదుషాకడ మాదన్న 1674 ప్రాంతమున ప్రధాని యయ్యెను. 1677లో శివాజీ మహారాజు హైదరాబాదునకు వచ్చి పాదుషాతో మైత్రి కుదుర్చుకొనినప్పుడు నడిపించినవాడు మాదన్నయే. పదవి వచ్చినవారికి పగవారును వత్తురు. మొగలుల భయము పెరిగిన 1686లో ఈ సోదరులనిద్దరిని గోలకొండ వీధిలోనే పొడిచి చంపిరి. నేను ఆ గదులలో నిలిచినప్పుడు పైకప్పు లేదు, ఎండ పడుచుండెను. లెక్కలు వ్రాసిన తెలుగు కరణముల కూర్చుండు చోట్లు ఎక్కడివై యుండునో యని వెదకితిని. రాజ్యము కత్తితో వచ్చును గాని కరణము లేక ఒక్క ఫసలీ గడవదు గదా!

ఇక మెట్లు. నాలుగువందలకు కొంచెము తక్కువ. కొండ యెత్తు సుమారు 400 అడుగులు. మెట్లు పెద్దవి, కొన్ని మోకాలెత్తున నుండును. అరువదేండ్లు దాటినవారు మూడుచోట్ల కూర్చుండి ఎక్కవలెను. అందువలన నష్టమేమియు లేదు, కూర్చుండిన చోటనే చూడదగినవి కనబడును. నేను మొదట కూర్చుండినచోట గోడలో పొదిగిన మట్టిగొట్టములు కనబడెను. అవి కుమ్మరి చేసినవి, ఒకదానిలో ఒకటి దూర్చి సున్నముతో అతికినవి.

నా మట్టుకు గోలకొండలో అన్నిటికంటె గొప్పపని ఈ గొట్టములే. రాతికొండ నెత్తిన బావి త్రవ్వుట సాధ్యము గాదు. వేలమంది సైన్యము, అంతఃపురము, గుఱ్ఱములు, ఏనుగులు అన్నిటికిని నీరు కావలెను. దుర్గము చెరువునుండి నీటిని రప్పించిరి. కోటలోపల కటోరా హౌజు అను పెద్ద కొలనిని కట్టిరి. పిమ్మట కుండలు వరుసగ కట్టిన చక్రములతో నీటిని ఒక తొట్టికి ఎత్తుట, అచ్చటినుండి మరియొక చక్రముతో దానిపై తొట్టికి ఎత్తుట, ఇట్లు అంచెలంచెలుగ కొండపైకి ఎక్కించిరి. పైనుండి మట్టిగొట్టములలో దిగువ మహళ్లకును, ఫౌంటెనులకును, తోటలకును పంపిరి. నీటిని పైకి తోడు కష్టము మనకు తెలియును. గనిలో బొగ్గు త్రవ్వుటకంటె ముందు నీరు తోడవలెను. పంపు ఒక దినము ఆగినచో పనిస్థలము మునిగిపోవును. నేటి పంపులకు కరెంటున్నది. వారికి ఎద్దులును మనుష్యులును మాత్రమే యుండిరి. అల్బైసిన్ గుట్టమీదను మూర్ల కీర్తికి ముఖ్య కారణము నీటికాలువలే యని చదివితిని. గోడ గొప్పతనము కవులు పాడిరి. నీటి గొప్పతనము ఎవరును పాడలేదు. ఆ చక్రములను త్రిప్పినవారి పేళ్లు ఏ శాసనమునందును లేవు.

ఇంకను పైకి పోగా రామదాసుగారి చెరసాల. ఎత్తైన చీకటిగది, పైకప్పులోని రంధ్రమునుండి వెలుతురు సన్నగ పడును. గోడమీద సీతారామలక్ష్మణుల రూపములును ఆంజనేయుని రూపమును చెక్కియున్నవి. రామదాసుగారే చెక్కెనని వాడుక. భద్రాచల ప్రాంతమున సర్కారు పన్ను వసూలు చేయు అధికారియైన కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి చెరపాలయ్యెనని మనకు తెలిసిన కథయే. పండ్రెండేండ్ల చెర, రామలక్ష్మణులే వచ్చి రొక్కము చెల్లించుట, ఇవి భక్తుల విశ్వాసమునకు సంబంధించినవి. వానిని తూచుటకు నాకడ త్రాసు లేదు. ఒక్క సంగతి మాత్రము అందరము మరచుచుందుము. గోపన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. చెరలో పెట్టిన ప్రభుత్వమునకు ప్రధాని ఆతని మేనమామయే. సర్కారు లెక్కకు లోటు వచ్చినప్పుడు చుట్టరికము అడ్డురాలేదు. ఇంతటి సంగతిని వదలి, చెరసాల యొక మతమువారు మరియొక మతమువానిని హింసించిన చోటని మాత్రమే పిల్లలకు చెప్పుచున్నాము. కథ చెప్పునప్పుడు మేనమామను కూడ చెప్పవలెనని నా కోరిక.

చెరసాల దాటిన పిదప అంబరుఖానా, అనగా ధాన్యపుకొట్టు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున, 1642లో కట్టినట్లు పారసీక శాసనము కలదు. ముట్టడి వచ్చినప్పుడు కోటను నిలువబెట్టునది ఫిరంగి కాదు, కొట్టులోని జొన్నలు.

శిఖరమునకు చేరువలో ఒక వింత సన్నివేశము కనబడును. ఒకవైపు ఇబ్రహీము పాదుషా మసీదు, రెండు చిన్న మినారులతో. దానికి కూతవేటు దూరమున, పెద్ద గుండ్ల సందున, మహంకాళి గుడి. జగదంబ యనియు పిలుతురు. అమ్మవారు కాకతీయుల నాటినుండి కలదని వాడుక. ఒకే కొండ నెత్తిన ఈ రెండును ఇన్నూరేండ్లకు పైగా కలిసియున్న వన్నచో తక్కువ లెక్క చెప్పినట్లగును. ఇక్కడనే ఇబ్రహీముగారి మిగిలిన కథ చెప్పవలెను. విజయనగరమున గడపిన ఏడేండ్లలో ఆతనికి తెలుగు నోటికెక్కెను, తెలుగు కవిత్వపు రుచి తెలిసెను. 1550లో తిరిగివచ్చి సింహాసన మెక్కి ముప్పదియేండ్లు ఏలెను. మన కవులు ఆతని పేరును మల్కిభరాముడని తెలుగు చేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆతనికి అంకితమిచ్చెను. ఆతని కొలువులోని అమీనుఖానునకు పొన్నికంటి తెలగన్న యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. సంస్కృతపదము సోకని అచ్చతెనుగులో వ్రాసిన తొలికావ్యము అది. అచ్చతెనుగు కావ్యమునకు మొదటి కృతిపతి ఒక ఖాను! పండితసభలలో ఈ మాట చెప్పినప్పుడెల్ల కొందరు నోరు తెరచుట నేనెరుగుదును.

ఐనను తేనె పూసి చెప్పుట నాకు చేతగాదు. తనకు ఏడేండ్లు అన్నముపెట్టిన రామరాయలమీదికే 1565లో ఇతర సుల్తానులతో కలిసి ఈ ఇబ్రహీముగారు దండెత్తిరి. ఆ యుద్ధమున రామరాయలు చంపబడెను, విజయనగరము పాడుపడెను. ఈ రెండును ఒకే మనుష్యుని పనులు. మెచ్చువారు ఒకదానిని, తెగడువారు రెండవదానిని మాత్రము చెప్పుదురు. శిఖరమునకు చేరిన మనుష్యుడు రెండువైపులను చూడవచ్చును గదా.

శిఖరమున బారాదరి యను కొలువుకూటము. గాలి బట్టలను లాగివేయునంతటి గాలి. తూర్పుగా చూచినచో హైదరాబాదు. మబ్బు లేని దినమున చార్‌మినారు గురుతుపట్టవచ్చును. కోట క్రిక్కిరిసి, నీరు చాలక, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ ఆవలి యొడ్డున ఆ నగరమును కట్టించెను. ఇక్కడనుండి చార్‌మినారువరకు సొరంగమున్నదని దారిచూపువారు తప్పక చెప్పుదురు. నడుమ మూసీనది కలదు. గనిలో బ్రతికిన మావారు ఎవరును ఆ మాట నమ్మరు. వజ్రములు ఈ కొండలో దొరకెననుటయు అట్టిదే. వజ్రములు దొరకినది కృష్ణాతీరపు కొల్లూరు మొదలైన గనులలో. గోలకొండ వానికి అంగడి. కొల్లూరులో ఆడువారు, మగవారు, పిల్లలు కలిసి దాదాపు 60,000 మంది పనిచేయుచుండిరని తవేర్నియే యను ఫ్రెంచి వర్తకుడు వ్రాసెను. లోకమంతయు గోలకొండ వజ్రమని పేరు చెప్పుకొనినది. కొల్లూరు కూలివాని పేరు ఎవరును చెప్పలేదు.

ఉత్తరపు దిక్కున గుమ్మటముల బారు కనబడును. అవి కుతుబ్‌షాహీల సమాధులు. అందు కడపటి పాదుషా తానీషా సమాధి లేదు. ఆ లేమికి కారణము 1687.

ఆ యేడు ఔరంగజేబు స్వయముగ వచ్చి కోటను చుట్టుముట్టెను. ముట్టడి ఎనిమిది నెలలు సాగెను. వానలు ముంచెత్తినవి, మొగలు శిబిరమున కరవును తెగుళ్లును వ్యాపించినవి. గోడ ఎక్కుట సాగకపోగా జూన్ మాసమున సొరంగపు యుద్ధము చేసిరి. బురుజుల అడుగునకు సొరంగములు త్రవ్వి మందు దట్టించిరి. లోపలివారు పసిగట్టి ఎదురుసొరంగము త్రవ్వి, మందు కొంత దొంగిలించి, మిగిలినదానిని నీటితో తడిపిరి. ఒత్తికి నిప్పంటించగా, లోనికి పేలవలసిన సొరంగము వెలికి పేలి, రాళ్లును మన్నును త్రవ్వించినవారి నెత్తినే పడెను. మా ఊరి షాట్‌ఫైరరు ఒకనికి ఈ కథ చెప్పగా, "గోడకు చెవి ఆనించి విన్నవాడెవడో ఆ కోటను కాపాడినాడు" అనెను. ఏ చరిత్రకారుడును అంత బాగుగ చెప్పలేదు.

ఫిరంగులకు లొంగని కోట లంచమునకు లొంగెను. సెప్టెంబరు 21వ తేదీ రాత్రి సరందాజు ఖాను అను సర్దారు మొగలుల సొమ్ము తిని, తన కావలిలోని చిన్నతలుపును తెరచెను. అబ్దుర్ రజాక్ లారీ యను సేనాని ఒక్కడు ఎదురు నిలిచి, దేహమున డెబ్బదివరకు గాయములు పడి, కూలిపోయెను. ఆతనిని ఔరంగజేబే తన వైద్యులచేత బ్రదికించెను. లోపల తానీషా తనను పట్టుకొన వచ్చిన సర్దారులను కూర్చుండబెట్టి, తాను భోజనము ముగించి, పిమ్మట వారివెంట నడచెనని నాటి చరిత్రకారుడు కాఫీఖాను వ్రాసెను. దౌలతాబాదు కోటలో చెర, అచ్చటనే మరణము. రామదాసు చెర చూపిన కొండ తానీషా చెరను చూపదు, అది చాల దూరమున నున్నది.

ముసల్మాను రాజ్యమును కూల్చినవాడు ముసల్మాను చక్రవర్తి. దానిని కాపాడజూచిన మంత్రులు బ్రాహ్మణులు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టుకొనినచో, "మనవారు, పరాయివారు" అను గీత ఎక్కడ గీయవలెనో నాకింతవరకు బోధపడలేదు.

దిగుదారిలో రాణి మహళ్లు, ఎండిన ఫౌంటెను, తారామతి మసీదు. గోడలమీద యాత్రికులు తమ పేళ్లను, తమ ప్రియుల పేళ్లను చెక్కియున్నారు. యాళిని చెక్కినవాడు తన పేరు చెక్కుకొనలేదు. అయితే ఒకచోట మాత్రము పనివాని పేరు నిలిచినది. 1656లో ఔరంగజేబు యువరాజుగ నున్నప్పుడు చేసిన ముట్టడి పిమ్మట, అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మూసాఖాను ఆజ్ఞతో దక్షిణపు వైపున మూసా బురుజును లేపిరి. కట్టిన శిల్పి ధర్మాచారి. అందు శాసనములు రెండు భాషలలో నున్నవి, పారసీకమునను తెలుగునను. దొరతనపు భాష యొకటి, రాయి మోసినవారి భాష యొకటి. గ్రెనడాలో గెలిచినవారు ఓడినవారి లిపిని చెరిపివేయజూచిరి. ఇచ్చట కోట గోడమీదనే మన అక్షరము కూర్చుండి యున్నది. గ్రెనడాలోని అల్బైసిన్ పేటలో మరల క్రొత్త మసీదు తలుపు తెరచుకొనుటకు 2003వ సంవత్సరము రావలసివచ్చెను. గోలకొండలో మసీదును మూయలేదు, అమ్మవారి గుడిని మూయలేదు, ఊరిని ఖాళీ చేయలేదు. మంచి పాదుషాలు, చెడ్డ పాదుషాలు, హంతకులు, కవిపోషకులు అందరును పోయిరి. ఊరివారు ఉండిపోయిరి.

చూడబోవువారికి ఒక మాట. ఉదయముననే ఎక్కుడు, రాయి కాగినపిమ్మట పాదములు కాలును. నీళ్లు వెంట తీసికొనిపొండు. వీలైనచో ఆషాఢమాసమున పొండు. హైదరాబాదు బోనములకు మొదటి బోనము గోలకొండదే. లంగర్ హౌజునుండి తొట్టెల ఊరేగింపు బయలుదేరి, డప్పులతో, పోతురాజుల చిందులతో కోట పట్టణపు వీధులమీదుగ వచ్చును. పసుపు పూసిన కుండలను నెత్తిన పెట్టుకొని, వేపమండలతో, వెలుగుచున్న దీపములతో ఆడువారు బాలా హిసారు ద్వారము క్రిందుగ, ఆ యాళుల క్రిందుగ నడచి, మట్టిగొట్టములు పొదిగిన గోడప్రక్కగ, రామదాసుగారి చెర దాటి, ఇబ్రహీముగారి మసీదు ప్రక్కనుండి మహంకాళి గుండ్లవద్దకు ఎక్కుదురు. నేను చూచిన యేడు ఒక ముసలమ్మ నడుమ మెట్లకడ ఆగి ఆయాసపడుచుండగా, కోటలో కాపురముండు ఒక ముసల్మాను కుర్రవాడు తన సీసాలోని నీళ్లు ఆమెకు పోసెను. ఆమె త్రాగి, బోనము సర్దుకొని, పైకి సాగిపోయినది.